హైదరాబాద్ నుంచి డాలస్‌కు అసలు దూరమెంత? విమానంలో ఎన్ని గంటలు?

పల్నాటి శ్రీను (ఫ్రిస్కో, టెక్సాస్)

అందరికీ నమస్తే. అమ్మానాన్నలను మొదటిసారి డాలస్ రప్పిస్తున్నాం. ఇద్దరూ ఇంతవరకు విమానం ఎక్కలేదు. మా ఊరు నరసరావుపేట దగ్గర. వాళ్లిద్దరే రావాలి, తోడు ఎవరూ లేరు. నాన్న ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే ప్రశ్న: "ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని గంటలు కూర్చోవాలి?" నెట్‌లో చూస్తే ఒక సైటు 14,400 కి.మీ., 17 గంటలు అంటుంది. టికెట్ల సైట్లలో 15,500 కి.మీ. దాకా చూపిస్తున్నారు, గంటలైతే 23 నుంచి 35 దాకా ఉన్నాయి. మ్యాపులో చూస్తే అట్లాంటిక్ మీదుగా అడ్డంగా వెళ్లాలి కదా, మరి దారి పైకి ఉత్తర ధ్రువం వైపు వంగి ఎందుకు పోతుంది? నాన్న రిటైర్డ్ ఆర్టీసీ కండక్టర్. దూరం, టైము లెక్క తేలకపోతే ఆయనకు నిద్ర పట్టదు. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

గ్లోబు మాస్టారు (రాజమండ్రి)

శ్రీనూ, నాన్నగారి ప్రశ్న సరైన ప్రశ్న. ముందు దూరం సంగతి చూద్దాం.

శంషాబాద్ విమానాశ్రయం సుమారు 17.2 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.4 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. డాలస్-ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయం 32.9 ఉత్తరం, 97 పశ్చిమం. 78.4కు 97 కలిపితే 175 దాటుతుంది. 180 అయితే సరిగ్గా భూమికి అటు పక్క అన్నమాట. మన వాళ్లు ఉండేది దాదాపు అటు పక్కనే. ఈ అంకెలతో గోళం మీద లెక్క కడితే సుమారు 14,420 కి.మీ. వస్తుంది. భూమి మీద ఏ రెండు చోట్ల మధ్యా సుమారు 20,000 కి.మీ.కు మించి దూరం ఉండదు. ఈ లెక్కన మీవాళ్లది చాలా పెద్ద ప్రయాణమే.

వంపు సంగతి. గోడకు తగిలించే మ్యాపు 1569లో మెర్కేటర్ గీసిన పద్ధతిలోనిదైతే, ధ్రువాల దగ్గరి నేలను సాగదీసి చూపిస్తుంది. అందులో గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది, నిజానికి ఆఫ్రికా దానికి పద్నాలుగు రెట్లు పెద్దది. అలాంటి మ్యాపు మీద స్కేలు పెట్టి గీసిన గీత దగ్గర దారి కాదు.

ఇంట్లో పిల్లల గ్లోబు ఉంటే ఒక దారం తీసుకోండి. ఒక కొస హైదరాబాద్ మీద బొటనవేలితో నొక్కి, రెండో కొస డాలస్ దాకా లాగి బిగించండి. అడ్డంగా ఐరోపా, అట్లాంటిక్ మీద పెట్టి లాగితే దారం అక్కడ నిలవదు, జారి పైకి పోతుంది. ఎక్కడ ఆగుతుందో చూడండి: ఢిల్లీ పక్కగా, కారకోరం కొండల మీదుగా, కిర్గిజ్‌స్థాన్, కజకిస్థాన్, సైబీరియా దాటి ఆర్కిటిక్ సముద్రం మీదికి వెళుతుంది. ఉత్తర ధ్రువానికి సుమారు 500 కి.మీ. దగ్గరగా పోయి, అటువైపు కెనడాలోకి దిగి, హడ్సన్ బే పడమటి అంచు, మిన్నెసోటా, ఓక్లహామా మీదుగా డాలస్ చేరుతుంది. అదే అతి దగ్గర దారి. నాన్నగారికి వీడియో కాల్‌లో ఇది చేసి చూపించండి, మాటలతో చెప్పడం కంటే బాగా అర్థమవుతుంది.

ఓరుగల్లు కుర్రాడు (వరంగల్)

మాస్టారూ, నేను ఆగస్టులో ఎమ్మెస్‌కు డాలస్ వెళ్తున్నాను, ఈ దారం సంగతి ఇప్పుడే చేసి చూశాను. నిజంగానే జారిపోయింది! అయితే ఆ దారిలోనే నేరుగా ఒక విమానం వేసేయొచ్చు కదా, ఎందుకు వేయరు?

ఫ్లైట్‌ప్లాన్ 77 (షార్జా)

నేను విమానాలకు దారులు, ఇంధనం లెక్కలు వేసే పనిలో ఉన్నాను. తమ్ముడి ప్రశ్నకు ఒకదాని తర్వాత ఒకటి చెబుతాను.

మొదట కొండలు. ఆ దారంలో కారకోరం వస్తుంది. విమానంలో గాలి ఒత్తిడి పోతే పైలట్లు వెంటనే పది వేల అడుగులకు దించాలి, ఎందుకంటే సీటు పైనుంచి కిందికి వేలాడే ఆక్సిజన్ మాస్కులు పనిచేసేది కొద్ది నిమిషాలే. కింద ఇరవై వేల అడుగులు దాటిన శిఖరాలుంటే దిగడానికి చోటు ఎక్కడ? అందుకే ఎక్కువ విమానాలు టిబెట్, కారకోరం నడిమధ్యకు పోకుండా పక్కనుంచి వెళతాయి.

రెండోది ఎవరి ఆకాశంలోకి ఎవరిని రానిస్తారు అన్నది. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక అమెరికా, ఐరోపా సంస్థల విమానాలకు రష్యా ఆకాశం మూతపడింది. 2025 ఏప్రిల్ 24 నుంచి భారతీయ సంస్థల విమానాలకు పాకిస్తాన్ ఆకాశం మూతపడింది. ఆ దెబ్బకు ఢిల్లీ నుంచి ఉత్తర అమెరికా వెళ్లే ఎయిరిండియా విమానాలు కొన్ని వియన్నాలో ఆగి ఇంధనం నింపుకోవాల్సి వచ్చింది. భూగోళం మారలేదు, దూరం మారలేదు, గంటలు మాత్రం పెరిగాయి.

మూడోది ఇంధనం. ఇది చాలామందికి తెలియని సంగతి. దూరం పెరిగేకొద్దీ ఎక్కువ ఇంధనం మోయాలి. ఆ మోసే ఇంధనం బరువును లాగడానికే మళ్లీ కొంత ఇంధనం కాలుతుంది. పదహారు, పదిహేడు గంటల ప్రయాణాల్లో మొదటి గంటల్లో కాలేదాంట్లో కొంత భాగం చివరి గంటలకు కావాల్సిన ఇంధనాన్ని మోయడానికే పోతుంది. సింగపూర్ నుంచి న్యూయార్క్ వెళ్లే సింగపూర్ ఎయిర్‌లైన్స్ విమానం చూడండి. 15,300 కి.మీ. పైన, 18 గంటలు దాటిన ప్రయాణం. అందుకోసం ప్రత్యేకంగా చేయించుకున్న ఎయిర్‌బస్ ఏ350లో 1,65,000 లీటర్ల ఇంధనం పడుతుంది, సీట్లు మాత్రం 161. అందులో ఎకానమీ క్లాసే లేదు. మన హైదరాబాద్–డాలస్ 14,420 కి.మీ. దాదాపు ఆ కోవలోకే వస్తుంది. విమానం ఎగరగలదు. కానీ ఆ ఖర్చు తిరిగి రావాలంటే బిజినెస్ క్లాసు రోజూ నిండాలి. హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లలో విద్యార్థులు, తల్లిదండ్రులు ఎక్కువ. వాళ్లు కొనేది ఎకానమీ టికెట్. నేరుగా విమానం పడకపోవడానికి పెద్ద కారణం ఇదేనని నా అభిప్రాయం.

ఓరుగల్లు కుర్రాడు (వరంగల్)

అన్నా, హైదరాబాద్ నుంచి చికాగో డైరెక్ట్ ఉండేదని మా సీనియర్లు చెప్పారు?

ఫ్లైట్‌ప్లాన్ 77 (షార్జా)

ఉండేది. 2021 జనవరి 15న ఎయిరిండియా మొదలుపెట్టింది, బోయింగ్ 777-200ఎల్‌ఆర్ తో. హైదరాబాద్–చికాగో సుమారు 13,280 కి.మీ. దానికి కొద్దిరోజుల ముందే బెంగళూరు–శాన్‌ఫ్రాన్సిస్కో మొదలైంది. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బయల్దేరిన ఆ తొలి విమానాన్ని కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో అందరూ మహిళా పైలట్లే ధ్రువం మీదుగా బెంగళూరు తెచ్చారు. చికాగో సర్వీసు తర్వాత ఆగిపోయింది. మళ్లీ రావాలని మన తెలుగువాళ్లం గట్టిగా అడగాలి. అమెరికాలో ఇంతమందిమి ఉండి హైదరాబాద్ నుంచి ఒక్క నేరు విమానం లేకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

పల్నాటి శ్రీను (ఫ్రిస్కో, టెక్సాస్)

చాలా థాంక్స్ అండీ. ఇప్పుడు 14,400 ఎక్కడిదో తెలిసింది. మరి 17 గంటలు అని ఎలా చెప్తున్నారు? నేరుగా విమానమే లేనప్పుడు ఆ 17 ఎక్కడి లెక్క?

ఫ్లైట్‌ప్లాన్ 77 (షార్జా)

దూరాన్ని వేగంతో భాగించేస్తారు, అంతే. పెద్ద జెట్ విమానం పైన ఎగిరేటప్పుడు వేగం గంటకు 900 కి.మీ. దగ్గర ఉంటుంది. 14,420ని 900తో భాగిస్తే 16. ఎక్కడానికి దిగడానికి అరగంటో గంటో కలుపుతారు, 17 వచ్చేస్తుంది. ఆ లెక్కలో గాలి లేదు, కొండలు లేవు, మూసిన ఆకాశాలు లేవు, మధ్యలో మారే విమానం లేదు. ఆ సైటు నాన్నగారికి చూపించకండి.

గాలి గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే గంటలను ఎక్కువగా మార్చేది అదే. పది కిలోమీటర్ల పైన, మన ఉత్తరార్ధ గోళంలో పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి వీస్తుంటుంది. చలికాలంలో మరీ జోరు, కొన్నిచోట్ల గంటకు 200 కి.మీ. దాటుతుంది. అమెరికా వెళ్లేటప్పుడు అది ఎదురు, తిరిగొచ్చేటప్పుడు వెనకనుంచి తోస్తుంది. దుబాయ్–డాలస్ దూరం ఎటునుంచైనా సుమారు 12,900 కి.మీ. దుబాయ్ నుంచి డాలస్‌కు దాదాపు 16 గంటలు. డాలస్ నుంచి దుబాయ్‌కు 15 గంటల లోపే. అదే విమానం, అదే దూరం.

ఇంకో సంగతి చెప్తే ఆశ్చర్యపోతారు. ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో ఎయిరిండియా విమానం ముందు అట్లాంటిక్ మీదుగా వెళ్లేది, సుమారు 13,900 కి.మీ. 2016 అక్టోబర్‌లో దాన్ని తూర్పుకు తిప్పి పసిఫిక్ మీదుగా నడిపారు. దూరం 15,300 కి.మీ. అయింది, 1,400 పెరిగింది. సమయం మాత్రం దాదాపు రెండు గంటలు తగ్గి 14 గంటల 30 నిమిషాలకు వచ్చింది. గాలి వెనకనుంచి తోయడం వల్ల. కిలోమీటర్లు చూసి గంటలు చెప్పడం ఎందుకు కుదరదో ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

అట్లాంటా అన్న

శ్రీనూ, నా సలహా విను. ఢిల్లీ వెళ్లి అక్కడినుంచి మన దేశం విమానం ఎక్కించు. మనవాళ్లుంటారు, మన భోజనం దొరుకుతుంది. పెద్దవాళ్లకు అదే ధైర్యం.

ఫ్రిస్కో పద్మజ

అన్నగారూ, మీరు చెప్పిన ధైర్యం నిజమే కానీ డాలస్‌కు ఆ దారి పనికిరాదు. ఢిల్లీ నుంచి డాలస్‌కు నేరుగా లేదు. హైదరాబాద్–ఢిల్లీ, ఢిల్లీ–చికాగో, చికాగో–డాలస్, మూడు విమానాలు. అమెరికాలో మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్. అక్కడే సూట్‌కేసులన్నీ బెల్టు మీదనుంచి తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ అప్పగించి, ఇంకో టెర్మినల్ వెతుక్కుని ఇంకో విమానం ఎక్కాలి. చికాగోలో, తొలిసారి వచ్చినవాళ్లు, ఇంగ్లిష్ రాకుండా, 23 కిలోల పెట్టెలు నాలుగు దించుకుని... వద్దండీ. మా అత్తగారు వాళ్లు అలా వచ్చినప్పుడు అక్కడ వరుసలో నిలబడే సరికి తర్వాతి విమానం వెళ్లిపోయింది. రాత్రంతా కుర్చీలో కూర్చున్నారు. ఆ రోజు మా ఇంట్లో ఎంత టెన్షన్ పడ్డామో చెప్పలేను.

శ్రీను గారూ, నా మాటగా ఇది రాసుకోండి: ఏ దారైనా సరే, చివరి విమానం నేరుగా డాలస్‌లో దిగేదే కొనండి. మధ్యలో ఒక్కసారే మారాలి. టికెట్ మొత్తం ఒకే పీఎన్‌ఆర్ మీద ఉండాలి. హైదరాబాద్‌లో ఇచ్చిన పెట్టెలు డాలస్‌లోనే కనపడాలి.

అలా చూస్తే దుబాయ్, దోహా, లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ మిగులుతాయి. ఈ నాలుగింటికీ హైదరాబాద్ నుంచి విమానాలున్నాయి, నాలుగింటి నుంచీ డాలస్‌కు నేరుగా ఉన్నాయి.

గ్లోబు మాస్టారు (రాజమండ్రి)

పద్మజమ్మ చెప్పిన ఊళ్లు పెట్టుకుని దూరాలు కట్టి చూశాను. కిలోమీటర్లన్నీ సుమారుగానే, గోళం మీద దగ్గర దారి ప్రకారం.

దుబాయ్ మీదుగా 2,550 + 12,920, అంటే 15,470.
లండన్ మీదుగా 7,750 + 7,630, అంటే 15,380.
ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా 7,120 + 8,260, అంటే 15,380.

చూశారా, ఎడారి మీదుగా పోయినా, ఐరోపా మీదుగా పోయినా వంద కిలోమీటర్ల తేడా కూడా లేదు. అన్నీ నేరు దారికంటే వెయ్యి కిలోమీటర్లు ఎక్కువ. శ్రీనుకు టికెట్ల సైట్లో కనిపించిన 15,500 ఇదే. దోహా వీటికంటే కొంచెం ఎక్కువ. దూరం చూసి వీటిలో ఒకదాన్ని ఎంచుకోవడం అనవసరం. ఆగే సమయం, మారే చోటి సౌకర్యం చూసుకోండి.

అట్లాంటా అన్న

అయితే లండనే మేలు అంటాను. ఎందుకంటే రెండు విమానాలూ పదేసి గంటలు. మధ్యలో దిగి నడుస్తారు, నడుము సాగుతుంది. దుబాయ్ అయితే నాలుగు గంటలు కూర్చుని, తర్వాత ఏకబిగిన పదహారు గంటలు. అరవై దాటినవాళ్లను పదహారు గంటలు ఆ సీటులో కూర్చోబెట్టడం నాకు నచ్చదు.

ఫ్రిస్కో పద్మజ

కాదనను, కానీ రెండో వైపు కూడా చూడాలి. దుబాయ్‌లో దిగితే పక్కన తెలుగు మాట వినపడుతుంది. హైదరాబాద్ నుంచి ఎక్కినవాళ్లలో డాలస్ వెళ్లేవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు, "మీరూ డాలసేనా" అని పలకరించి వెంట నడవొచ్చు. సిబ్బందిలో హిందీ వచ్చినవాళ్లు దొరుకుతారు. లండన్‌లో టెర్మినల్ మారాల్సి వస్తే బస్సు ఎక్కాలి. ఇంకో ముఖ్యమైన మాట: లండన్ మీదుగా వెళ్లే భారతీయులకు ట్రాన్సిట్ వీసా (మధ్యలో విమానం మారడానికి తీసుకునే వీసా) నియమాలుంటాయి. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే మినహాయింపు ఉంది. పెద్దవాళ్లు తిరిగెళ్లే రోజుకు కూడా ఆ వీసా గడువు ఉందో లేదో చూసుకోవాలి. నియమాలు మారుతుంటాయి కాబట్టి కొనే ముందు సంస్థ వాళ్లను అడగండి.

దుబాయ్ టెర్మినల్ 3 ఒక్కటే అయినా చాలా పెద్దది, లోపలే రైలు ఎక్కాల్సి రావొచ్చు. అందుకని టికెట్ కొనేటప్పుడే వీల్‌చెయిర్ అడగండి. డబ్బు తీసుకోరు. "మాకు కాళ్లు బాగానే ఉన్నాయి" అని నాన్నగారు ఒప్పుకోకపోవచ్చు. ఆ కుర్చీ దారి చూపించే మనిషి కోసమని చెప్పండి.

నెల్లూరు డాక్టరమ్మ

ఇద్దరిలో ఎవరికైనా షుగర్, బీపీ ఉన్నాయా శ్రీను గారూ?

పల్నాటి శ్రీను (ఫ్రిస్కో, టెక్సాస్)

అమ్మకు షుగర్ ఉందండీ, ఇన్సులిన్ తీసుకుంటుంది. నాన్నకు బీపీ మాత్రలు.

నెల్లూరు డాక్టరమ్మ

అయితే ఇది జాగ్రత్తగా చదవండి.

ఇన్సులిన్, మాత్రలు అన్నీ చేతి సంచిలోనే ఉండాలి, ప్రిస్క్రిప్షన్‌తో సహా. ఇన్సులిన్‌ను పెద్ద పెట్టెలో పెట్టొద్దు. విమానం కింది భాగంలో చలికి గడ్డకడితే అది పనికిరాదు. పెట్టె తప్పిపోతే ఇంకా కష్టం. ప్రయాణానికి కావాల్సినదానికంటే కొంచెం ఎక్కువే పెట్టుకోవాలి.

పడమటికి వెళ్లే ప్రయాణంలో రోజు సాగుతుంది. మన గడియారం ప్రకారం రాత్రి కావాల్సిన వేళకు బయట ఇంకా వెలుతురే ఉంటుంది. భోజనాలు కూడా వాళ్ల లెక్కలో వస్తాయి. "రాత్రి భోజనం ముందు వేసుకునేది ఎప్పుడు వేసుకోవాలి" అని అమ్మగారికి గందరగోళం వస్తుంది. బయల్దేరే పది రోజుల ముందే వాళ్ల డాక్టర్‌తో కూర్చుని, భారత కాలమానం ప్రకారం గంటలు వేసి ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాయించండి. అమ్మగారి చేతి గడియారాన్ని డాలస్ చేరేదాకా మార్చొద్దని చెప్పండి. నా దగ్గరికి వచ్చే పేషెంట్లకు ఇదే చెప్తాను.

లోపలి గాలి ఒత్తిడి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తులో ఉన్నట్టుంటుంది. ఊటీలో పదహారు గంటలు కదలకుండా కూర్చున్నట్టు అనుకోండి. పైగా గాలి బాగా పొడిగా ఉంటుంది. నోరు ఎండిపోతుంది, కాళ్లు వాస్తాయి. కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం నాలుగు గంటలు దాటిన ప్రతి ప్రయాణంలోనూ ఉంటుంది, గంటలు పెరిగేకొద్దీ పెరుగుతుంది. నీళ్లు తాగాలి. మాటిమాటికీ బాత్రూంకు లేవాల్సి వస్తుందని మన ఆడవాళ్లు నీళ్లు మానేస్తారు, అది అస్సలు చేయకూడదు. అందుకే అమ్మగారికి నడవా పక్క సీటు తీసుకోండి. కూర్చున్నప్పుడు కూడా మడమలు నేలకు ఆనించి వేళ్లు పైకి, వేళ్లు ఆనించి మడమలు పైకి, గంటకోసారి చేయాలి. గుండె జబ్బు, ఈమధ్య ఆపరేషన్ లాంటివి ఉంటే బిగుతు సాక్సులో మందులో డాక్టరే చెప్పాలి, సొంతంగా వద్దు.

ఓరుగల్లు కుర్రాడు (వరంగల్)

డాక్టరమ్మ గారూ, చాలా బాగా చెప్పారు. మా అమ్మ కూడా చదివింది.

ఒక డౌట్ ఉంది. టికెట్లో శనివారం ఉదయం ఎక్కి శనివారం రాత్రే దిగుతారని ఉంటే, ప్రయాణం ఒక పూటేనా?

గ్లోబు మాస్టారు (రాజమండ్రి)

బాబూ, టికెట్ మీద ప్రతి టైమూ ఆ ఊరి గడియారం ప్రకారం ఉంటుంది. డాలస్ మనకంటే చలికాలంలో 11 గంటల 30 నిమిషాలు వెనక. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా అక్కడ గడియారం ఒక గంట ముందుకు జరుపుతారు కాబట్టి తేడా 10 గంటల 30 నిమిషాలు.

శనివారం ఉదయం 10కి శంషాబాద్‌లో బయల్దేరి మొత్తం 24 గంటల ప్రయాణం అనుకుందాం. మన గడియారంలో ఆదివారం ఉదయం 10. అందులోంచి 11.30 తీసేస్తే చలికాలంలో డాలస్‌లో శనివారం రాత్రి 10.30. వేసవిలో అయితే 11.30. పూర్తి ఒక రోజు గడిచింది, తేదీ మాత్రం మారలేదు. తిరిగొచ్చేటప్పుడు దీనికి సరిగ్గా తలకిందులు, ఎక్కిన మర్నాడో ఆ తర్వాతి రోజో దిగుతారు. విమానాశ్రయానికి వచ్చే బంధువులకు ఈ తేదీ దగ్గరే పొరపాటు జరుగుతుంది, దిగే తేదీ విడిగా రాసి ఇవ్వండి.

ఫ్లైట్‌ప్లాన్ 77 (షార్జా)

మాస్టారి లెక్కకు ఒకటి కలుపుతాను. టికెట్ మీది గంటలు గేటు నుంచి గేటు దాకా. అంటే గాల్లో ఉండే సమయంతోపాటు రన్‌వే దాకా వెళ్లడం, దిగాక గేటు దాకా రావడం కూడా అందులోనే ఉంటాయి. కొంచెం ముందే దిగడం కూడా మామూలే.

నాన్నగారికి చెప్పాల్సిన అసలు గంటలు ఇవి. నరసరావుపేట నుంచి పిడుగురాళ్ల, మిర్యాలగూడ, నల్గొండ మీదుగా శంషాబాద్‌కు కారులో అయిదారు గంటలు. విమానానికి కనీసం మూడు నాలుగు గంటల ముందు చేరాలి. దుబాయ్‌కు దాదాపు 4 గంటలు. అక్కడ ఆగేది నాలుగు. తర్వాత 16. డాలస్‌లో ఇమిగ్రేషన్, పెట్టెలు, ఒకటి నుంచి రెండు గంటలు. అక్కడినుంచి ఫ్రిస్కోకు అరగంట పైన. కలిపితే ఇల్లు వదిలిన దగ్గర్నుంచి ఇల్లు చేరేదాకా 34 నుంచి 37 గంటలు. ఆర్టీసీలో పనిచేసిన మనిషి, ఈ లెక్క చెప్తే సిద్ధపడతారు. 17 అని చెప్పి పంపిస్తే సగం దారిలోనే నీరసపడతారు.

వీలైతే ముందు రోజే హైదరాబాద్‌లో బంధువుల ఇంటికి చేర్చి పడుకోనివ్వండి.

అట్లాంటా అన్న

ఆగే సమయం రెండు గంటలున్నది తక్కువ ధరకు వస్తుంటే? డబ్బు తేడా చాలా ఉంటుంది కదా.

ఫ్రిస్కో పద్మజ

పెద్దవాళ్లకు వద్దండీ. హైదరాబాద్‌లో విమానం గంట ఆలస్యమైతే చాలు, దుబాయ్‌లో పరుగెత్తాలి. అమెరికా విమానాలకు గేటు దగ్గర మళ్లీ తనిఖీ ఉంటుంది, దానికే సమయం పోతుంది. మూడున్నర నుంచి అయిదు గంటలు సరిపోతుంది. మరీ పది పన్నెండు గంటలున్నవి కూడా వద్దు, కుర్చీల్లో పడుకోలేరు. 31 గంటలు, 35 గంటలు అని శ్రీను గారికి కనపడినవి అవే.

ఫ్లైట్‌ప్లాన్ 77 (షార్జా)

గల్ఫ్ మీదుగా వెళ్లేవాళ్లు బయల్దేరే వారంలో వార్తలు చూసుకోండి. 2025 జూన్ 23న ఖతార్ ఆకాశం కొన్ని గంటలు మూసేశారు, దోహాలో చాలామంది చిక్కుకున్నారు. అలాంటప్పుడు ఒకే పీఎన్‌ఆర్ ఉంటే వేరే విమానంలో పంపే బాధ్యత సంస్థదే. విడివిడి టికెట్లు కొంటే రెండో టికెట్ డబ్బు పోయినట్టే.

పల్నాటి శ్రీను (ఫ్రిస్కో, టెక్సాస్)

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. ఇవాళ నాన్నకు మాస్టారి దారం చూపించాను. "ఢిల్లీ పైనుంచే పోతుందా!" అని చాలాసేపు గ్లోబు తిప్పించారు. తర్వాత 36 గంటల లెక్క చెప్పాను. "అట్లా చెప్పు, దానిదేముంది" అన్నారు. దుబాయ్ మీదుగా, మధ్యలో నాలుగు గంటలు ఆగేది, ఒకే పీఎన్‌ఆర్ మీద తీసుకున్నాను. అమ్మకు నడవా సీటు, నాన్నకు కిటికీ. ఆ కిటికీలోంచి ఏమైనా కనపడుతుందా?

ఫ్లైట్‌ప్లాన్ 77 (షార్జా)

దుబాయ్ నుంచి డాలస్‌కు దగ్గర దారి ఇరాన్, కాకసస్ కొండలు, రష్యా, నార్వే మీదుగా ఐస్‌లాండ్‌కు ఉత్తరంగా పోయి, గ్రీన్‌లాండ్ దక్షిణ భాగం దాటి కెనడాలోకి దిగుతుంది. ఆ రోజు గాలిని బట్టి కాస్త అటూ ఇటూ జరుపుతాం. పగటి విమానం అయి, మబ్బు లేకపోతే గ్రీన్‌లాండ్ మంచు కొండలు స్పష్టంగా కనపడతాయి. ఆ భాగంలో విమానం పడమటికి పోతుంది కాబట్టి ఎండ ఎడమ వైపు పడుతుంది. కుడి కిటికీ అయితే కళ్లకు హాయి.

పల్నాటి శ్రీను (ఫ్రిస్కో, టెక్సాస్)

కుడి వైపుకే మార్చాను అన్నా. అమ్మ చేతి సంచిలో కారప్పొడి, కందిపొడి, గోంగూర పచ్చడి పెట్టుకుంటానంటోంది. పెట్టుకోవచ్చా?

ఫ్రిస్కో పద్మజ

చేతి సంచిలో వద్దు శ్రీను గారూ. అమెరికా వెళ్లే విమానాల్లో 350 మిల్లీలీటర్లు దాటిన పొడులుంటే విడిగా తనిఖీ చేస్తారు, తేల్చుకోలేకపోతే తీసేస్తారు. పచ్చడిని ద్రవం కింద లెక్కేస్తారు, 100 మిల్లీలీటర్లు దాటిన సీసా దాటనివ్వరు. అన్నీ పెద్ద పెట్టెలో పెట్టించండి. పచ్చడి సీసాలో కాకుండా మందపాటి కవర్లో సీల్ వేయించి, రెండో కవర్లో చుట్టి, బట్టల మధ్యలో పెట్టమనండి. మాంసం పచ్చళ్లు మాత్రం ఏ పెట్టెలోనూ వద్దు, కస్టమ్స్‌లో తీసేస్తారు. తెచ్చిన తినుబండారాల గురించి అడిగితే దాచకుండా చెప్పాలి. ఇమిగ్రేషన్ దగ్గర మాట అర్థం కాకపోతే తెలుగు అనువాదకుడు కావాలని అడగొచ్చు, ఆ ఒక్క వాక్యం ఇంగ్లిష్‌లో కాగితం మీద రాసి మీ అడ్రసు, ఫోన్ నంబరు, తిరుగు టికెట్‌తో కలిపి నాన్నగారి చొక్కా జేబులో పెట్టించండి. విమానాలు టెర్మినల్ డీలో దిగుతాయి, మీరు అక్కడ బయట నిలబడండి.